పొరుగుమాట

మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకి మా బావ ఎల్లాజీ చుక్క రేవుకి చేరింది. బావ చేరలేదు.

చుక్క అంటే చిన్న తెర మీద కనబడే ఆకుపచ్చ చుక్క. సముద్రం మీద ఉన్న ఒక్కో పడవకీ ఒక్కో చుక్క. దాన్ని కదిలించే యంత్రం నేను చేసిందే, కాబట్టి ఈ కథ చెప్పాల్సిందీ నేనే. సిగ్గుపడాల్సింది కూడా నేనే. కాకపోతే ఆ సిగ్గులో నాకంటే పెద్ద వాటా ఉన్న మనిషి ఇంకొకాయన ఉన్నాడు. ఆయన మాత్రం ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరుగుతున్నాడు.

నా పేరు సూరాడ పైడికుమారి. మాది విశాఖకి ఉత్తరాన మూలరేవు అనే జాలరి పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అప్ప, అంటే అక్క, నూకాలు. చదివించింది ఆవిడ మొగుడు ఎల్లాజీ బావ. ఊళ్ళో ఇంజనీరింగు చదివిన మొదటి ఆడపిల్లని నేనేనని అప్ప ఊరందరికీ ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది, వాళ్ళకి తెలియనట్టు. విశాఖలో కొండ మీద ఉన్న ఒక పరిశోధనాలయంలో, డాక్టర్ విశ్వపతి గారి దగ్గర నా ఉద్యోగం. నీళ్ళ మోటారు, వీధి దీపం, పొలంలో తేమ చూసే పుల్ల, ఇలాంటివన్నీ ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో మాట్లాడుకుంటే మంచిదో పోల్చి చూడడం మా పని. ఆ పద్ధతినే ప్రోటోకాల్ అంటారు. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఫోన్ ఎత్తగానే మనం "హలో" అంటాం, అవతలివాళ్ళు "ఆ, చెప్పు" అంటారు, వినబడకపోతే మళ్ళీ అడుగుతాం. యంత్రాలకీ అలాంటి మర్యాదలు ఎవరో ఒకరు నేర్పాలి కదా.

తీరంలోని చిన్న పడవలన్నిటికీ ఒకే రకం పరికరం ఇవ్వాలని ఒక కమిటీ అనుకుంది. ఒడ్డు కనబడనంత దూరంలో ఫోన్లు పని చెయ్యవు. పడవ ఎక్కడుందో, బాగుందో లేదో ఇంటివాళ్ళకి తెలియాలి. ఏ ప్రోటోకాల్ వాడాలో తేల్చమని మాకు అప్పగించారు.

మొదటి పద్ధతికి మేం "కేక" అని పేరు పెట్టుకున్నాం. పరికరం తన సంగతి ఒకసారి అరిచి ఊరుకుంటుంది, ఎవరైనా విన్నారా లేదా అన్నది పట్టించుకోదు. బ్యాటరీ హాయిగా నెల వస్తుంది, మాటలు మాత్రం సగం గాలికి పోతాయి. రెండోది "జవాబు". ఒడ్డు నుంచి "విన్నాను" అన్న కబురు వచ్చేదాకా చెప్పిందే చెబుతుంది. మాటలు బాగానే చేరతాయి, బ్యాటరీ పది రోజులు తిరక్కుండా చచ్చిపోతుంది.

"ఇది భార్యకి భయపడే మొగుడి పద్ధతి పైడీ," అని నవ్వేవారు విశ్వపతి గారు. "సమాధానం వచ్చేదాకా పాపం గుమ్మంలో నిలబడే ఉంటాడు."

నేనూ నవ్వేదాన్ని. అప్పట్లో ఆయన ఏం చెప్పినా నాకు బాగానే ఉండేది.

మూడో పద్ధతి మా రేవులోంచి వచ్చింది. మా ఊళ్ళో పడవ ఒడ్డు తగలగానే ఆడవాళ్ళు ముందు చేపలు చూడరు. వెనక మిగిలినవాళ్ళ గురించి అడుగుతారు. "మావోడు కనబడ్డాడా?" అంటే "కనబడ్డాడు" అని చెప్పి తప్పించుకోవడం కుదరదు. "ఏ పొద్దుకి సూసినావు?" అని వెంటనే రెండో ప్రశ్న పడుతుంది. కళ్ళారా చూసినవాడు చూసిన వేళ కూడా చెప్పాలి. ఎవడో చెప్పింది విని తన మాటగా చెప్పినవాడిని మా ఆడవాళ్ళు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. అలా పది పడవలు వచ్చేసరికి పదకొండో పడవ ఎక్కడుందో ఒడ్డున అందరికీ తెలిసిపోతుంది.

విశ్వపతి గారిని ఒకసారి మా ఊరు తీసుకెళ్ళాను. అప్ప వండిన వంజరం పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నారు. బావ ఆయన్ని పడవెక్కించి కాస్త దూరం తిప్పాడు. ఒడ్డు దిగాక ఆయన తడిసిన ప్యాంటు పిండుకుంటుంటే బావ అన్నాడు:

"బాబుగోరూ, సముద్రంలో టవర్లు నేవు గానీ నోళ్ళున్నాయండి. నా కబురు పక్కోడు తెత్తాడు, ఆడి కబురు నాను తెత్తాను. ఇంక టవరెందుకండీ?"

విశ్వపతి గారు నా వైపు తిరిగి, "మనం ఏడాదిగా వెతుకుతున్న ప్రోటోకాల్ మీ బావ నోట్లోనే ఉంది కదమ్మా!" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఆరు నెలల్లో చేశాం. దోసిట్లో పట్టే పరికరం, నీళ్ళు దూరకుండా గట్టి పెంకు. మా వాళ్ళు దాన్ని "గవ్వ" అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. ప్రోటోకాల్ పేరు "పొరుగుమాట". ఏ గవ్వా నేరుగా ఒడ్డుతో మాట్లాడనక్కర్లేదు. పక్క పడవ గవ్వకి చెబుతుంది, అది దాని పక్కదానికి. ఇందులో నేను కొత్తగా పెట్టింది ఇంకొకటుంది. ఒక పడవ గొంతు వినబడకపోతే, పక్క గవ్వ దాని తరఫున మాట్లాడుతుంది: "ఎల్లాజీని ఫలానా వేళకి విన్నాను, ఈ గాలికీ ఈ నీటి వాలుకీ ఇప్పుడు ఇక్కడ ఉండి ఉంటాడు" అని. వాడుతున్నకొద్దీ గవ్వలు ఇరుగుపొరుగు అలవాట్లు నేర్చుకుంటాయి. బావ ఎక్కడ వల వేస్తాడో, ఎప్పుడు మళ్ళుతాడో మూడు నెలల్లో వాటికి కంఠతా వచ్చేసింది. అంచనా నూరడుగులు కూడా తప్పేది కాదు.

అయితే అంచనాకి ఒక హద్దు పెట్టాను. ప్రతి మాటకీ అసలు మనిషి గొంతు విన్న వేళ కట్టి ఉంటుంది. గంట దాటితే ఎవరేం చెప్పినా చుక్క ఎర్రబడాలి. ఎర్ర చుక్క అంటే తెలియదు, వెళ్ళి వెతకండి అని అర్థం.

మూలరేవులో నలభై పడవల మీద పోటీ పెట్టాం, ఒక్కో ప్రోటోకాల్‌కి ఒక్కో నెల. పొరుగుమాట నెల మొదలయ్యే ముందు గవ్వల్లోకి ప్రోగ్రాం ఎక్కించే పని విశ్వపతి గారు తానే చేస్తానన్నారు. "నువ్వు బాగా అలిసిపోయావు. వెళ్ళి మీ అప్ప దగ్గర నాలుగు రోజులుండు," అన్నారు. ఎంత మంచి మనిషో అనుకున్నాను, నా మొహానికి.

నెలాఖరుకి పట్టిక తయారైంది. చేరిన మాటలు, కేకలో యాభై ఎనిమిది శాతం. జవాబు ఎనభై మూడు. పొరుగుమాట నూటికి నూరు, బ్యాటరీ ముప్ఫై ఒక్క రోజులు. ఏ ప్రయోగంలోనూ నూటికి నూరు రాదని, మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే మొదటి ఏడాది పిల్లలకి నేనే పాఠం చెప్పాను. అయినా అడగలేదు. పట్టిక కింద నా పేరు ముందు ఉంది, ఆయన పేరు తరవాత. పైన సంతకం చెయ్యమంటే చేశాను. ఆఫీసులో జాంగ్రీలు పంచారు.

ఆ వారమే ఊరెళ్ళి రేవులో ఆడవాళ్ళందరినీ కూచోబెట్టి చెప్పాను. అయిదిళ్ళలో తెరలున్న ఇంటి గవ్వలు పెట్టాం, మొదటిది మా అప్ప ఇంట్లో.

"అయితే మరి రేవుకి ఎల్లక్కర్నేదేటే?" అంది అప్ప.

"అక్కర్లేదు అప్పా. చుక్క పచ్చగా కదుల్తోందంటే మనిషి ఉన్నట్టే."

బావ పక్కనుంచి, "ఇంకేటి, మీయప్ప ఇంట్లో కూకునే నన్ను కాపలా కాత్తాది. ఆ మూల కల్లు పాకకి ఎల్లినా తెలిసిపోద్ది," అన్నాడు. అందరూ నవ్వారు. రెండు నెలలు తిరిగేసరికి రేవులో అడిగేవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేకపోతే మగవాళ్ళు పక్క పడవల కేసి చూసి గుర్తుపెట్టుకోవడం కూడా మానేశారు.

మంగళవారం సాయంత్రం అప్ప ఫోన్ చేసింది.

"ఒలే పైడీ, మీ బావ సుక్క రేవులో ఉందే. పడవ నేదు."

నేను అన్న మాట నాకు బాగా గుర్తుంది. "పక్క రేవులో దిగి ఉంటాడు అప్పా. చుక్క తప్పు చెప్పదు."

చుక్క ఒడ్డున ఉందంటే మనిషి ఒడ్డున ఉన్నట్టే కదా. కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ మీద ఉత్తరానికీ దక్షిణానికీ ఇసకంతా గాలించారు. ఏడు రేవుల్లో అడిగారు. సముద్రం వైపు ఒక్కరూ వెళ్ళలేదు. నేను ఊరు చేరేసరికి తెల్లారింది. అప్ప మొహం చూశాక నాకు చుక్క మీద మొదటిసారి అనుమానం వచ్చింది. పడవలు తియ్యమన్నాను. మధ్యాహ్నానికి, బావ రోజూ వల వేసే చోటికి చాలా దూరంగా, తలకిందులైన పడవ దొరికింది. దాని అడుగు చెక్కని కరుచుకుని బావ జోడీ మసేను ఒక్కడే ఉన్నాడు.

వాడిని ఒడ్డుకి తెచ్చి పడుకోబెట్టాం. ఉప్పుకి పెదాలు పగిలిపోయాయి. వాడు చెప్పింది విన్నాక నేను ఈరోజు దాకా స్థిమితంగా లేను.

"మంగళోరం పొద్దుట తొమ్మిదికే బోల్తా కొట్టీసింది పైడప్పా. గవ్వ అప్పుడే పగిలిపోనాది. అయినా మాకేటీ బయం నేదు. సుక్క ఎర్రబడుంతాది, ఇదిగో ఒచ్చెత్తారు, అదిగో ఒచ్చెత్తారు అనీసి సాయంత్రందాకా బావ నవ్వుతానే ఉన్నాడు. మా మరదలు సేసిన గవ్వరా అనీసి నాకు దైర్నం సెప్పినాడు. ఇయ్యాల తెల్లారగట్ల సేతులొగ్గీసినాడు."

మంగళవారం పది గంటలకి చుక్క ఎర్రబడి ఉంటే పదకొండింటికి పడవలు వెళ్ళేవి. మధ్యాహ్నం దాటకుండా మళ్ళీ ఒడ్డున ఉండేవాడు. మసేనుని తిట్టి, పడవని తిట్టి, వేడన్నం అడిగేవాడు. బావ శవం కూడా దొరకలేదు.

మర్నాడు బావకి పొరుగున వేటాడే కామేశు పడవలోంచి గవ్వ ఊడదీసి, వాళ్ళ అరుగు మీదే కూచుని దాని జ్ఞాపకం తెరిచి చూశాను. మంగళవారం తొమ్మిది తరవాత వరసగా ఒకే మాట: "ఎల్లాజీ ఇక్కడ ఉన్నాడు." ఎప్పుడు విన్నారన్నది లేదు. ప్రతి మాటకీ నేను కట్టిన వేళని ఎవరో తెంపేశారు. కామేశు గవ్వకి ఆ మాట ఎవరు చెప్పారా అని చూశాను. ఆ పక్క పడవ వాడు బండియ్య గవ్వ. బండియ్య గవ్వ తెప్పించి చూశాను. దానికి చెప్పింది కామేశు గవ్వ. ఒకరు చెప్పారని ఒకరు, వాళ్ళు చెప్పారని వీళ్ళు, రోజంతా ఒకే మాటని అటూ ఇటూ తిప్పి, మధ్యలో అంచనా కలుపుకుంటూ, నీళ్ళలో కొట్టుకుంటున్న మనిషిని తెర మీద క్షేమంగా ఇంటికి తీసుకొచ్చేశాయి. మా రేవులో ఇదే పని మనిషి చేసి ఉంటే చీపురు తిరగేసి కొట్టేవాళ్ళు.

విశ్వపతి గారి గదికి వెళ్ళాను. ఆయన లేచి నిలబడ్డారు.

"కూర్చో పైడీ. విన్నాను. చాలా బాధపడ్డాను. మీ అప్పగారు ఎలా..."

"వేళ ఎవరు తీశారు సార్?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. అబద్ధం చెబుతారనుకున్నాను. చెప్పి ఉంటే కొంచెం నయంగా ఉండేదేమో.

"నువ్వు మీ ఊళ్ళో ఉన్న నాలుగు రోజులూ వేళ ఉంచి పరీక్షించాను. మాట పొడుగైపోయింది, బ్యాటరీ లెక్క పంతొమ్మిది రోజులకే తేలింది. గంటకోసారి ఏదో ఒక చుక్క ఎర్రబడుతుంటే చేరిన మాటలు డెబ్భై తొమ్మిది శాతం. జవాబు కంటే తక్కువ పైడీ! కమిటీ వాళ్ళు పట్టిక చూస్తారు గానీ నీ రేవు కథలు వినరు. పొరుగుమాట మూలన పడేది. నీ కష్టం ఏమైపోవాలి? నీ కోసమే చేశాను."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

అంత మామూలుగా అన్నారు. మా అప్ప చేతి కూడు తిన్న మనిషి, మా బావ పడవలో అలకి భయపడి బావ భుజమే పట్టుకున్న మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు పులుసు పెట్టింది మా అప్ప సార్. ఆవిడ మొగుడి ప్రాణం పట్టికలో నాలుగు అంకెల కోసం తీశారు," అన్నాను.

అప్పుడు ఆయన గొంతు మారింది. "కాస్త జాగ్రత్తగా మాట్లాడమ్మా. పట్టిక మీద మొదటి సంతకం నీది. రేవుకి వెళ్ళడం మానెయ్యమని వాళ్ళకి చెప్పింది నువ్వు. నేను చెప్పలేదు."

ఆ క్షణంలో ఆయన మీదికి కుర్చీ ఎత్తాలనిపించింది. ఎత్తలేదు. ఎత్తాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. నాకు అక్షరం నేర్పినవాళ్ళలో అంత ఇష్టపడ్డ మనిషి ఇంకొకరు లేరు, ఆ ఇష్టాన్నే ఆయన వాడుకున్నారు. నా చేత పట్టిక చదివించకుండా సంతకం పెట్టించింది ఆ ఇష్టమే.

కమిటీకి ఉత్తరం రాశాను. డెబ్భై తొమ్మిది శాతం, పంతొమ్మిది రోజులు అన్న అసలు అంకెలు రాశాను. గవ్వల జ్ఞాపకాలు జతచేశాను. సంతకం నాదేనని, నూటికి నూరు చూసి అనుమానం వచ్చినా అడగలేదని కూడా రాశాను. గవ్వల పంపకం ఆగింది. ఇద్దరినీ సెలవు మీద పంపించారు. ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారని, మళ్ళీ పనిలో చేరతారని అంటున్నారు.

ఇంతలో ఊళ్ళో ఇంకో ఘోరం జరుగుతోంది. బావ చుక్క రోజూ వేటకి వెళ్తోంది. తెల్లారగానే అందరి చుక్కలతో పాటు రేవు దాటుతుంది, అలవాటైన చోట ఆగుతుంది, నాలుగింటికి తిరిగొస్తుంది. ఒక్క గవ్వ పని చేస్తున్నా చాలు, అది మిగతావాటికి మళ్ళీ బావ మాట అంటిస్తుంది. అన్నిటినీ ఒకేసారి ఆపాలి.

ఎనిమిదో రోజు పొద్దున్నే పడవ పడవకీ తిరిగి గవ్వలన్నీ ఆపి గోనె సంచిలో వేసుకున్నాను. ఆపేటప్పుడు గవ్వ సెలవు చెబుతుంది, దాని చుక్క పోతుంది; పగిలిపోయిన బావ గవ్వ ఆ మాట చెప్పనే లేదు. కామేశు భార్య గవ్వ నా చేతికి ఇవ్వకుండా ఇసక మీద పడేసింది, వంగి తీసుకున్నాను. పడవల మీదివన్నీ అయ్యాయి. నాలుగిళ్ళవీ అయ్యాయి. ఇంక మా అప్ప ఇల్లే మిగిలింది.

అప్ప పొయ్యి పక్కన ఇంటి గవ్వ ముందు కూచుని ఉంది. నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు. కర్మలు చెయ్యాలని కులపెద్దలు రెండుసార్లు వచ్చి చెప్పారట. పలకలేదట. ఒక్కసారి కూడా ఏడవలేదని మసేను తల్లి నాతో అంది.

"అప్పా, అది ఇవ్వు."

"సూడు," అంది అప్ప తెర చూపిస్తూ. "ఇప్పుడే వలేసినాడు."

మిగతా చుక్కలన్నీ నా సంచిలోకి వచ్చేశాయి. తెర మీద నీళ్ళలో బావ చుక్క ఒక్కటే ఉంది, పచ్చగా.

"అది బావ కాదు అప్పా. ఈ పెట్టె అలవాటు కొద్దీ చెబుతోంది. బావ చేతులొదిలేశాడని మసేను చెప్పాడు కదా. బావింక రాడు."

అప్ప నా వైపు తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని.

"నువ్వు సెప్పినావనీసి రేవుకెల్డం మానీసినాను. నువ్వు సెప్పినావనీసి ఆ రోజు ఇసకలో ఎతికినాం గానీ సముద్రంకేసి సూడనేదు. ఆడు కూడా నీ గవ్వనే నమ్ముకోని సెక్క పట్టుకున్నాడు. ఇప్పుడు నువ్వే ఒచ్చి ఆడింక రాడంటే, అదీ నమ్మాలేటే?"

విశ్వపతి గారు చేసింది చెబుదామనుకున్నాను. వేళ, బ్యాటరీ, పట్టిక, అంతా నోటి దాకా వచ్చింది. అవన్నీ నిజాలే. ఆ పొయ్యి ముందు ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

చుక్క కొంచెం పక్కకి జరిగింది.

"ఇది ఆపితే మల్లీ రాదా?" అంది అప్ప.

"రాదు."

"ఎక్కడ నొక్కాలి?"

నేను చెయ్యి చాపాను. అప్ప గవ్వని ఒళ్ళోకి లాక్కుంది.

"నువ్వు ముట్టకు. ఎక్కడో సెప్పు, సాలు."

"కింద, ఎడం పక్కన. పది లెక్కపెట్టేదాకా వేలు తియ్యకూడదు."

అప్ప వేలు పెట్టింది. పైకే లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగింది, వేలు మాత్రం తియ్యలేదు. మళ్ళీ ఏడు నుంచి పది దాకా చెప్పింది. తెర నల్లబడింది.

అప్పుడు ఏడ్చింది. ఇరుగిళ్ళవాళ్ళు పరిగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చింది. నేను పట్టుకోబోయాను. నా గుండె మీద చెయ్యి పెట్టి వెనక్కి తోసింది. వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళి అప్ప చుట్టూ కూచున్నారు, ఎవరో గాజులు పట్టుకున్నారు. నాకు అక్కడ చోటు లేదు. గోనె సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను.